మడ్డి తాగిన నేల

నీళ్లు సగం అయ్యేదాకా మరిగించమని మా వాడలో ప్రతి బాలింతకూ చెప్పింది నేనే. ఇరవై ఏళ్లకు పైగా కోరుట్లలో అంగన్‌వాడీ టీచరుగా చేస్తున్నాను. గిన్నెడు నీళ్లు పొయ్యి మీద పెట్టి, కొంచెం వాము వేసి, నీటి గుర్తు సగానికి దిగేదాకా మరిగిస్తే అందులో రోగమన్నది మిగలదని మా అత్త నాకు నేర్పింది. శిక్షణలో విన్న నాలుగు మాటలు దానికి కలిపి నేను అందరికీ నేర్పాను. ఎవరైనా రెండు పొంగులు రాగానే దించేస్తే కోప్పడేదాన్ని.

మా ఇల్లు పట్టణం చివర, మూతబడిన ఎరువుల ఫ్యాక్టరీ గోడ పక్కనే ఉంది. రకరకాల ఎరువులు కలిపి సంచులకెత్తే ఫ్యాక్టరీ అది. నడిచినన్నాళ్లూ నేల మీద ఒలికినదాన్ని నీళ్లు కొట్టి కడిగి, ఆ నీళ్లను వెనక గుంటలోకి వదిలేవారు. గుంట అడుగున సిమెంటు లేదు, ప్లాస్టిక్ పట్టా లేదు. దాని చుట్టూ గడ్డి మాత్రం నడుమెత్తు పెరిగి నల్లపచ్చగా ఉండేది. అది చూసి నేల మంచిదని అనుకునేవాళ్లం. గోడకు ఇవతల మా చేదబావి. నల్లా నీళ్లకు మందు వాసన వస్తుందని వాడలో సగం మంది తాగడానికి మా బావి నీళ్లే పట్టుకెళ్లేవారు. ఆ నీళ్లకు రంగు లేదు, వాసన లేదు. నోటికి కొంచెం తియ్యగా కూడా ఉండేవి. ఆ బావి ఉందని నాకు గర్వంగా ఉండేది.

మా బిడ్డను సిరిసిల్లలో మరమగ్గాలున్న ఇంటికి ఇచ్చాం. తొలి కాన్పుకు మా ఇంటికి తెచ్చుకున్నాం. మగపిల్లవాడు పుట్టాడు. తల్లికి పాలు చాలక డబ్బా పాలు కలపాల్సి వచ్చింది. నీళ్లు మా బావివి. మరిగించింది నేను. రెండో నెలలో ఒక పొద్దున, స్నానం చేయించడానికి పిల్లవాణ్ణి కాళ్ల మీద పడుకోబెట్టుకుంటే వాడి పెదవులు నేరేడు పండు తిన్నట్టు కనిపించాయి. గోళ్లు కూడా అలాగే ఉన్నాయి. నీళ్లు పోస్తే ఏడవాల్సినవాడు ఏడవలేదు.

మా ఆయన తన ఆటోలోనే జగిత్యాలకు తీసుకెళ్లాడు. అక్కడి పిల్లల డాక్టరు వాడి రక్తం తీసి సిరంజి వెలుతురుకు పట్టి చూశాడు. అది ఎర్రగా లేదు, డికాషన్ రంగులో ఉంది. మా వైపు తిరిగి మొదట అడిగింది నీళ్ల గురించే.

"పాలల్ల ఏం నీళ్లు కలుపుతున్నరమ్మా?"

"బాయి నీళ్లు సార్. ఊకెనే కాదు, సగం అయ్యేదాక మరిగిస్త."

"సగం అయ్యేదాకనా?" అని ఆయన సిరంజి పక్కన పెట్టాడు. "మరిగిస్తే పురుగులు సస్తయమ్మా. ఉప్పు సావది. చారు మరిగితే మరిగినకొద్ది ఉప్పగైతదా లేదా? బాయిల ఉన్నదాన్ని నువ్వు డబుల్ చేసి పోసినవు."

ఎరువులో ఉండే నైట్రేట్ నీళ్లలో కరిగి, పసిపిల్లల కడుపులో మారి, రక్తం గాలిని మోయకుండా చేస్తుందని చెప్పాడు. చెబుతూనే ఒక మందు ఎక్కించాడు. ఆ మందు రంగు చూశాను. సిరాలా ముదురు నీలం. నీలమైన పిల్లవాడికి నీలం మందా అనుకున్నాను. గంట తిరగకుండానే వాడి పెదవులు మామూలు రంగుకు వచ్చాయి. గోళ్ల కింద నుంచి ఎరుపు పైకి రావడం నా కళ్లతో చూశాను. ఆ వేళ్లను పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో గుర్తు లేదు. రెండు రోజులు వాడి గుడ్డలు ఆకుపచ్చ మరకలతో తడిశాయి. అది మందు రంగేనని నర్సమ్మ చెప్పింది.

ఆసుపత్రిలో చేర్చిన రోజు సాయంత్రమే సిరిసిల్ల నుంచి మా వియ్యపురాలు వచ్చింది. ఆవపిండి రంగు చీర, చేతిలో స్టీలు టిఫిను. వరండాలో ఇద్దరు నర్సులు, నలుగురు రోగుల తాలూకువాళ్లు వింటుండగా అంది:

"టీచరమ్మ ఇల్లని పంపితిమి. పిలగాన్ని నీలం చేసి చేతిల పెడితిరి. ఇగ ఇంకో కాన్పు అయినా గా గడప తొక్కనియ్య."

నల్లా నీళ్లే పోస్తానని అంటే, "బాయి ఉన్నంతసేపు నీ చెయ్యి తాడు మీదికే పోతది వదినా" అంది. ఆ మాటను, ఆ చీరను, ఆ వరండాను, విని తలలు తిప్పుకున్న ఆ ఇద్దరు నర్సులను నేను మరచిపోలేదు. నా బిడ్డ రెండో కాన్పుకు నా ఇంటికే రావాలి, అందుకు ఆ బావి బాగుపడాలి. ఆ రోజు నుంచి నాకు వేరే కోరిక లేదు.

ప్రతి సోమవారం అర్జీ పట్టుకుని జగిత్యాల కలెక్టరాఫీసుకు వెళ్లడం మొదలుపెట్టాను. ఒక ఆఫీసరు నా అర్జీని చదవకుండానే దాని మీద చాయ్ గ్లాసు పెట్టాడు. గ్లాసు గుండ్రటి మరక సరిగ్గా "పసిపిల్లవాడు" అన్న మాట మీద పడింది. ఆ కాగితం ఫొటో తీసి తర్వాతి అర్జీకి జత చేశాను. ఒక గుమస్తా నన్ను చూడగానే పక్కవాడికి సైగ చేసేవాడు.

"ఏందమ్మా, మల్ల అచ్చినవా? మీ ఇంట్ల సోమారం పొయ్యి ముట్టియ్యరా?"

"ముట్టిచ్చి, వండి, తినే అచ్చిన. నువ్వు తినకుంటే చెప్పు, వచ్చే సోమారం నీకు గూడ తెస్త. ముద్ర మాత్రం కొట్టు."

ముద్ర కొట్టాడు. ఎన్నోసారో గాని, చివరికి మా బావి నీళ్లు, ఫ్యాక్టరీ మట్టి పరీక్షకు వెళ్లాయి. రెండింట్లోనూ ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువ నైట్రేట్ ఉందని తేలింది. ఆ స్థలం కొన్నవాళ్లు అక్కడ గోదాములు కట్టాలనుకున్నారు. మట్టి, నీళ్లు బాగు చేసిన తర్వాతే ఇటుక పెట్టాలని వాళ్లకు ఆర్డరు పడింది.

పని మొదలైన రోజు గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను రెండు గంటలు ఎండలో నిలబెట్టాడు. "లోపటికి పోనిచ్చుడు లేదు, పెద్దోళ్లు అచ్చిండ్రు" అన్నాడు. ఆ పెద్దవాళ్లెవరో అని చూస్తే పాతికేళ్లు దాటిన అమ్మాయి బయటికి వచ్చింది. తల మీద స్కార్ఫు, దాని మీద పసుపు హెల్మెట్, బూట్ల నిండా మట్టి. మట్టి, నీళ్లు బాగు చేయించే ఇంజినీరట, మెట్‌పల్లి అమ్మాయి. వాళ్ల నాన్నకు అక్కడ బట్టల దుకాణం ఉందట. ఫోన్లో ఎవరితోనో ఉర్దూలో గట్టిగా మాట్లాడుతూ వచ్చి, ఫోను పెట్టేసి నన్ను తెలుగులో అడిగింది.

"కంప్లైంట్ పెట్టిన ఆంటీ మీరేనా? మీ ఫైలు చదివిన. చాయ్ మరక గూడ చూసిన. లోపటికి రాండ్రి."

నా అర్జీ మొత్తం చదివానని అన్న మొదటి మనిషి ఆ అమ్మాయే. నాకొక హెల్మెట్ ఇచ్చింది. అది నా కొప్పు మీద కూర్చోలేదు. కొప్పు విప్పి జడ వేసుకున్నాను.

ఆమె ఒక పుల్లతో నేల మీద గీసి చూపించింది. ఇక్కడ గుంట, ఇక్కడ గోడ, ఇక్కడ మా బావి. భూమి లోపల నీళ్లు నిలవ ఉండవని, వాలు చూసుకుని నడుస్తాయని చెప్పింది. రోజుకు కొన్ని అంగుళాలు, ఒక్కోచోట ఇంకా తక్కువ.

"అంటే మా మనుమడు తాగిన నీళ్లు..."

"ఈ గుంట కాడికెల్లి ఎప్పుడో బయలెల్లినయ్ ఆంటీ. మీ బిడ్డ అప్పుడు బడికి పోతుండొచ్చు."

నేను గోడ వైపు చూశాను. నా బిడ్డ రెండు జడలు వేసుకుని ఆ గోడ పక్క నుంచి బడికి వెళ్లిన ఏళ్లన్నీ, ఆమె అడుగుల కింద ఆ నీళ్లు కూడా నడుస్తూనే ఉన్నాయి. ఆమె పెళ్లయింది, కడుపుతో ఇంటికి వచ్చింది. అదే కాలానికి అవీ మా బావి దాకా వచ్చాయి. పగ పట్టినవాళ్లు కూడా అంత ఓపికగా రారు.

ముందు మట్టి పని జరిగింది. గుంట దగ్గర మట్టిని మనిషి లోతు తవ్వి ట్రాక్టర్లకెత్తారు. దాన్ని ఎక్కడ పారబోస్తారోనని నేను ఒక ట్రాక్టరు వెనక ఆటోలో వెళ్లాను కూడా. కొడిమ్యాల వైపు ఒప్పుకున్న రైతుల చేలలో పలచగా, కొలత పెట్టి చల్లుతున్నారు. ఒకచోట కుప్పగా ఉంటే విషమైంది, ఎకరాల మీద పలచబడితే ఎరువవుతుందట. కింద నుంచి తోడిన నీళ్లను ఫ్యాక్టరీ ఆవరణలోనే మక్కజొన్న వేసి దానికి పెట్టారు. ఆ మక్క నా తల దాటి, మా ఆయన తల దాటి, హెల్మెట్ పెట్టుకున్న ఆ అమ్మాయి చెయ్యెత్తితే అందనంత పెరిగింది. నా మనుమణ్ణి నీలం చేసిన నీళ్లే ఆ ఆకులకు అంత పచ్చదనం ఇచ్చాయి. దాని ముందు నిలబడి కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు.

మట్టి తీసినా భూమిలో లోతున ఉన్న నీళ్లు మిగిలాయి. వాటికోసం మా గోడ పొడవునా వరసగా సన్నటి బోర్లు వేశారు. ఆ వారంలోనే సిరిసిల్ల నుంచి నా బిడ్డ ఫోను చేసింది.

"అమ్మా, మల్ల నెల తప్పింది."

"మీ అత్త ఏమంటంది?"

"ఏమంటది. గదే అంటంది. బాయి ఎట్లున్నదే?"

మరునాడే వెళ్లి ఆ అమ్మాయిని అడిగాను. మా బిడ్డకు నెలలు నిండేలోపు బావి బాగవుతుందా అని.

"నేను బాగు చేస్తలేను ఆంటీ. చేసేటివి వేరే ఉన్నయ్. అవి నా మాట ఇనయి."

ఆమె షెడ్డులోకి తీసుకెళ్లి ఒక గాజు సీసా చూపించింది. అందులో అడుగున మా నేలలో లోతు నుంచి తీసిన మట్టి, పైన మా బావి నీళ్లు, ఒక చెంచా నల్లటి మడ్డి ఉన్నాయట. మడ్డి అంటే చక్కెర తీశాక మిగిలే చిక్కటి పాకం. సీసా మూతి గట్టిగా బిగించి, మూతలోంచి సన్నటి గొట్టం తీసి, దాని కొసను ఒక గ్లాసు నీళ్లలో ముంచింది. నేను చూస్తుండగా గొట్టం కొస నుంచి ఒక బుడగ వచ్చింది. కాసేపటికి ఇంకొకటి.

మట్టిలో కంటికి కనపడని జీవాలు ఉంటాయట. గాలి దొరికితే మనలాగే గాలి పీలుస్తాయి. గాలి దొరకనిచోట నైట్రేట్‌లో ఉన్న గాలిని విడదీసి దానితో బతుకుతాయి. కాకపోతే వాటికి తిండి కావాలి. మడ్డి వాటికి తిండి. అవి తిని, పీల్చి, మిగిలినదాన్ని బుడగలుగా వదిలేస్తాయి.

"ఆ బుడగలల్ల ఏముంటది? విషమా?"

"మనం పీల్చే గాలిల ఎక్కువ ఉండేది ఏందో గదే ఆంటీ. ఎరువు చేసినప్పుడు గాలిలకెల్లే తీసిండ్రు. ఇవి మల్ల గాలిల కలుపుతున్నయ్."

"వీటిని యాడికెల్లి తెచ్చినవు?"

"తెచ్చుడేంది? మీ బాయి కింద ఉన్నయే. ఎప్పటికెల్లో ఉన్నయ్. ఆకలితోని ఊకున్నయ్."

నేను చాలాసేపు ఆ సీసా ముందు నుంచి లేవలేదు. ఇన్నేళ్లుగా జగిత్యాలలో ఎన్ని గదుల ముందు నిలబడ్డాను, ఎంతమంది మొహాలు చూశాను. పని చేయగలిగినవి మా ఇంటి కిందే ఉన్నాయి. వాటికి అర్జీ అక్కర లేదు. కొంచెం తీపి చాలు.

మా ఆయన వాళ్లది తాళ్లెక్కి కల్లు గీసే కుటుంబం. ఆటో కొనకముందు ఆయనా ఎక్కాడు. ఇంటికి వచ్చి ఇదంతా చెబితే ఆయనకు ఏమీ వింత అనిపించలేదు.

"గిది మాకు తెల్వనిదా? లొట్టి కడుగుడు మర్చిపోయి చెట్టుకు కడితె కల్లు ఒక్క పూటల పొంగి నురుగైతది. గా లొట్టిల ఎవలు కూసున్నరని ఎన్నడన్న అడిగినవా? తాగేటోడు అడుగడు, గీసేటోడు అడుగడు."

"నువ్వు అడుగకపోతివి?"

"నేను కింద పడకుంట దిగాల్నని చూస్కుంటి."

మడ్డిని నీళ్లలో కలిపి పీపాల కొద్దీ ఆ బోర్లలోకి వదిలారు. ఆ అమ్మాయి నాకు ఒక డబ్బా కాగితపు పట్టీలు ఇచ్చింది. పట్టీని నీళ్లలో ముంచి అరవై లెక్కపెట్టాలి. నైట్రేట్ ఎంత ఎక్కువ ఉంటే కొస అంత ముదురు గులాబీ అవుతుంది. మొదటి రోజు మా బావి నీళ్లలో ముంచితే బీట్‌రూట్ రంగు తేలింది. తేదీ వేసి ఆ పట్టీని గోడకు అంటించాను. వారానికొకటి అంటిస్తూ వచ్చాను.

రెండు నెలలకు ఇంకో గొడవ వచ్చింది. గోడ పొడవునా కుళ్లిన కోడిగుడ్ల కంపు లేచింది. మా బావి నీళ్లు కూడా కొంచెం నల్లబడ్డాయి. "నీ కంప్లైంట్ల పుణ్యమే గిది టీచరమ్మా" అని వాడంతా నన్నే అన్నారు. ఎవరెవరు అన్నారో నాకు తెలుసు. నాకూ కోపం వచ్చి, పట్టీలు ముంచడం మానేసి, ఆ అమ్మాయి మీదే జగిత్యాలలో అర్జీ పెట్టాను. ఆమెను పిలిపించి గట్టిగా అడిగారట. మరునాడు మా గుమ్మం ముందుకు వచ్చింది.

"నన్నే అడగొచ్చు గద ఆంటీ. గోడ అవుతల్నే ఉంటి."

నేను లోపలికి రమ్మనకుండా గుమ్మంలోనే నిలబడ్డాను.

"మడ్డి జర ఎక్కువైంది. తప్పు నాదే. నైట్రేట్ అయిపోయినా తిండి మిగిలింది, గందుకే వేరేవాటి మీద పడ్డయ్. గా కంపు గదే. వాసన అచ్చిన కాడ నైట్రేట్ లేనట్టే. పట్టీ ముంచి చూడుండ్రి."

ముంచాం. అరవై లెక్కపెట్టాను. పట్టీ కొస దాదాపు తెల్లగానే ఉంది. ఆ అమ్మాయికి చాయ్ పెట్టాను. నేను చేసిన ఫిర్యాదులన్నింటిలో వెనక్కి తీసుకున్నది అదొక్కటే.

మడ్డి తగ్గించారు. కంపు పోయింది, నీళ్ల నలుపూ పోయింది. నా బిడ్డకు ఎనిమిదో నెల రాగానే ల్యాబు నుంచి కాగితం వచ్చింది. మా బావి నీళ్లు తాగడానికి పనికొస్తాయని ముద్రతో సహా రాసి ఉంది. నేను ఆ కాగితాన్ని మడతపెట్టి జాకెట్లో పెట్టుకున్నాను. సిరిసిల్ల బస్సు ఎప్పుడుందో మా ఆయన్ని అడిగాను. ఆ ఆవపిండి రంగు చీర మనిషి ముందు దాన్ని ఎలా విప్పాలో కూడా అనుకుని పెట్టుకున్నాను.

బయలుదేరే ముందు ఆ అమ్మాయికి చెబుదామని గోడ అవతలికి వెళ్లాను. ఆమె నాతో పాటు సంబరపడలేదు.

"బాయి బాగైంది ఆంటీ. కాని గోడ కాడ ఒక బోరు ఇంక ముదురు రంగే చూపిస్తుంది. పైన ఎండిన మట్టిల ఎరువు ఉప్పు ఇంక మిగిలింది. వానలు పడి నీళ్లు పైకి లేస్తే గది కడుక్కొని కిందికి దిగొచ్చు. దిగకపోవచ్చు గూడ. పెద్దోళ్లు తాగుండ్రి. పసిబిడ్డకు మాత్రం ఒక్క వానకాలం ఆగుండ్రి."

"కాయితంల గట్ల రాయలే."

"కాయితం గా ఒక్క రోజు నీళ్ల గురించే."

బస్సులో దారి పొడవునా ఆ కాగితం నా ఒంటికి తగులుతూనే ఉంది. ఆ బోరు సంగతి నేను చెప్పకపోతే సిరిసిల్లలో ఎవరికీ తెలియదు. నల్లా నీళ్లే వాడతానని నాకు నేను చెప్పుకున్నాను. నల్లా రెండు రోజులు రాకపోతే ఏం చేస్తానో కూడా నాకు తెలుసు. బావి గట్టు మీదికి వెళ్తాను. తాడు అందుకుంటాను.

వియ్యపురాలు కళ్లద్దాలు పెట్టుకుని కాగితమంతా చదివింది. ముద్ర మీద వేలు పెట్టి చూసింది. పక్క గదిలో మగ్గాలు ఆడుతున్నాయి. నా బిడ్డ గుమ్మంలో నిలబడి మా ఇద్దరినీ చూస్తోంది.

"బాగైనయని రాసిండ్రు గద" అంది. "అన్నమాట అన్న గని, ఊకె పట్టుకొని కూసోను వదినా. తీస్కపో."

నేను ఎన్ని సోమవారాలు తిరిగానో ఈ ఒక్క మాట కోసం. అది విన్నాక నా నోటి నుంచి వచ్చింది వేరే.

"లేదు వదినా. ఈ కాన్పుకు ఒద్దు. ఒక్క వానకాలం ఆగాలె."

ఆ బోరు సంగతి చెప్పాను. ఆమె కళ్లద్దాలు తీసి పక్కన పెట్టింది.

"మరి గింత దూరం కాయితం పట్టుకొని ఎందుకచ్చినవు?"

"నీకు చూపిద్దామని."

ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. కాసేపయ్యాక, "నా మోకాళ్లు పోయినయ్. బాలింత పని నేనొక్కదాన్నే చేయలేను. నువ్వే ఈడికి అచ్చి ఉండు" అంది. ఆడపిల్ల అత్తారింట్లో తల్లి వెళ్లి నెలలు ఉండడం మాలో లేదు. మా వాడలో ఏమంటారో, ఎవరంటారో కూడా నాకు తెలుసు. సరేనన్నాను.

ఆడపిల్ల పుట్టింది. వానలు మొదలయ్యాయి. నేను సెలవు పెట్టి సిరిసిల్లలోనే ఉన్నాను. మధ్యాహ్నం పిల్లను ఒళ్లో వేసుకుని కూర్చుంటే, వియ్యపురాలు మోకాళ్లకు నూనె రాసుకుంటూ ఆ జీవాల సంగతి మళ్లీ మళ్లీ అడుగుతుంది. సీసా సంగతి, బుడగల సంగతి ఇప్పటికి నాలుగుసార్లు చెప్పించుకుంది. మొన్న ఒక ప్రశ్న వేసింది.

"వానల గూడ పని చేస్తయా? పండుకోవా?"

నాకు తెలియదన్నాను. ఆ అమ్మాయికి ఫోను చేసి, వియ్యపురాలు కూడా వినేలా పెట్టాను. అవతల వాన చప్పుడు వినిపిస్తోంది.

"పండుకునుడు లేదు ఆంటీ. గా బోరుల నిన్న జర రంగు పెరిగింది, ఇయ్యాల మల్ల తగ్గింది. వాన ఉప్పును కిందికి దింపుతుంటే ఇవి తింటనే ఉన్నయ్."

వియ్యపురాలు నూనె గిన్నె పక్కన పెట్టింది. మగ్గాల గది వైపు లేచి వెళ్లి తలుపు దగ్గరికి వేసి వచ్చింది. పిల్ల కదిలిందనుకున్నాను. కాదు, ఫోనులో సరిగ్గా వినడానికి.

"ఎన్ని ఉంటయి బిడ్డా?" అని అడిగింది. "మొత్తం ఎన్ని?"

"ఒక్క చెంచాడు మట్టిల ఎన్నుంటయో, సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల కలిపినా అంతమంది మనుషులుండరు అమ్మా."

నేను ఫోను పెట్టేయలేదు. అవతల వాన పడుతూనే ఉంది. వింటూ కూర్చున్నాం.